జబ్బు చేసినా, దెబ్బ తగిలినా డాక్టరు దగ్గరకు రానంటున్న ఇంటివారిని ఎలా ఒప్పించాలి?

ప్రశ్న

మా నాన్నగారికి 64 ఏళ్లు. పన్నెండు రోజుల క్రితం నిచ్చెన మీదినుంచి జారి, పడబోతూ కుడి అరచేతిని నేలకు ఆనించారు. పెద్దగా వాపు రాలేదు గాని, ఆ రోజు మొదలుకొని సీసా మూత తిప్పాలన్నా, తాళం తీయాలన్నా ఎడమచెయ్యే వాడుతున్నారు. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మణికట్టు పట్టుకుని కూర్చుంటారు. ఎవరైనా వస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుంటారు. డాక్టరుకు చూపిద్దామంటే, "విరిగితే వేళ్లు ఇలా ఆడతాయా?" అంటూ ఆడించి చూపిస్తారు.

ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు, మా ఇంటి తీరే అంత. అన్నయ్య దవడ వాచి నోరు తెరవలేని స్థితి వచ్చేదాకా పంటి నొప్పిని దాచుకున్నాడు. అమ్మకు షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటుంది గాని, పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయిందో తనకే గుర్తులేదు. కాలి బొటనవేలి కింద చిన్న పుండు రెండు వారాలుగా మానలేదని, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోనక్కర లేదని, ఈ మధ్య నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియడం లేదని నవ్వుతూ చెప్పింది. నేనూ తక్కువేమీ తినలేదు, నా బీపీ చూపించుకుని మూడేళ్లయింది.

నాన్నగారికి గట్టిగా చెబితే రెండు రోజులు ఇంట్లో మాటలుండవు, మెల్లగా చెబితే విననట్టే ఉంటారు. కిందటి వారం ఆయనకు చెప్పకుండా అపాయింట్‌మెంట్ తీసుకుని, వేరే పనుందని బయల్దేరదీసి, దారిలో అసలు సంగతి చెప్పాను. ఆయన బండి ఆపించి దిగి, ఒక్క మాట కూడా అనకుండా నడిచి ఇంటికి వెళ్లిపోయారు. ఇప్పుడు నేను బయటికి వెళ్దామని పిలిచినా "ఎక్కడికి?" అని రెండుసార్లు అడుగుతున్నారు. బలవంతం లేకుండా ఇలాంటివారిని ఒప్పించిన వారెవరైనా ఉంటే, ఏ మాటతో మొదలుపెట్టారో చెప్పండి.

సమాధానం 1

మీరు మరీ మొహమాటపడుతున్నారు. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కన నిలబడి తీసుకెళ్లండి. తరువాత ఆయనే మెచ్చుకుంటారు.

సమాధానం 2 (అత్యవసర విభాగంలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్న నర్సును)

మీరు ప్రశ్నంతా నాన్నగారి చేతి గురించి అడిగారు గాని, చదువుతున్నప్పుడు నన్ను నిలబెట్టిన వాక్యం మీ అమ్మగారిది. షుగరు ఉన్న మనిషికి రెండు వారాలుగా మానని పుండు, దానికి నొప్పి లేకపోవడం, చెప్పు జారినా తెలియకపోవడం, ఈ మూడూ ఒకచోట కలిశాయంటే పాదంలోని నరాలు స్పర్శను కోల్పోతున్నాయేమోనని అనుమానించాలి. నొప్పి లేదు కాబట్టి పర్వాలేదని ఆమె అనుకుంటున్నారు. నొప్పి తెలియకపోవడమే అక్కడ అసలు సమస్య కావచ్చు. షుగరు వల్ల పాదానికి రక్తప్రసారం తగ్గితే పుండు మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ ఎముక దాకా దిగినా మనిషికి తెలియకపోవచ్చు. దయచేసి ఒకటి రెండు రోజుల్లోనే చూపించండి. చుట్టూ ఎరుపు, చీము, దుర్వాసన, నలుపు రంగు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లండి. అంతవరకు ఉత్త కాళ్లతో నడవవద్దని, పుండు మీది చర్మాన్ని స్వయంగా కోసుకోవద్దని చెప్పండి.

ఇక నాన్నగారి చెయ్యి. వేళ్లు ఆడితే ఎముక విరగలేదన్నది చాలామంది నమ్మే మాటే గాని, నిజం కాదు. చాచిన అరచేతి మీద పడినప్పుడు బొటనవేలి వైపు మణికట్టులో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లవచ్చు. అది చిట్లినా వేళ్లు ఆడతాయి, వాపు అంతగా కనిపించకపోవచ్చు, కాబట్టి బెణుకు అనుకుని వదిలేస్తారు. బొటనవేలిని పైకి చాచినప్పుడు దాని మొదట్లో చిన్న గుంట ఏర్పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి అంటే తప్పకుండా చూపించాలి. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపునుంచి వెనక్కి వస్తుంది. మధ్యలో చిట్లితే వెనక ముక్కకు రక్తం అందక అది దెబ్బతినే ప్రమాదం ఉంది, అప్పుడు జీవితాంతం మణికట్టు నొప్పి మిగలవచ్చు.

పై సమాధానంలో చెప్పినట్లు చెరో పక్కన పట్టుకుని తెచ్చినవారిని నేను చూశాను. వాళ్లు వస్తారు, "ఏమీ లేదు, వీళ్లే తెచ్చారు" అని డాక్టరుతో చెబుతారు, అడిగిన ప్రశ్నకల్లా లేదు లేదంటారు, వెళ్లిపోతారు. మనిషి వచ్చినా సమాచారం రాదు. అది లేనిదే డాక్టరు చేయగలిగింది చాలా తక్కువ.

సమాధానం 3

నేను మీ నాన్నగారి పక్షం మనిషిని. ఆయన బుర్రలో ఏం నడుస్తుందో ఊహించి చెప్పగలను.

మా నాన్న ఆసుపత్రిలో చేరిన ఐదో రోజున పోయారు. అంతకుముందు నాలుగు నెలలు కడుపునొప్పిని ఎవరికీ చెప్పలేదు. కాని నాకు గుర్తున్నది ఆ నాలుగు నెలలు కాదు, ఆ ఐదు రోజులు. నడిచి లోపలికి వెళ్లిన మనిషి మళ్లీ నడిచి బయటికి రాలేదు. ఆలస్యంగా వెళ్లినవాళ్లు అక్కడ పోతారు, అది చూసినవాళ్లు మరింత ఆలస్యంగా వెళతారు. ఈ లెక్క తప్పని నాకు యాభై ఏళ్లు వచ్చాక అర్థమైంది గాని, అర్థమైనంత మాత్రాన ఆ తలుపు దగ్గర కాళ్లు వణకడం మానలేదు.

రెండో భయం రోగం గురించి కాదు, మాట పడటం గురించి. "ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు?" అని నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడైన డాక్టరు ఒకసారి పదిమందిలో అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆలస్యం పెరిగినకొద్దీ ఆ ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది, కాబట్టి పన్నెండో రోజున వెళ్లడం రెండో రోజున వెళ్లడంకన్నా కష్టం. మీరు "అప్పుడే వెళ్లి ఉంటే" అని ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు ఆయనకు ఆ ప్రశ్న ఇంట్లోనే వినిపిస్తోందని గుర్తించండి. మూడోది, ఒకసారి లోపలికి వెళితే ఒక పరీక్ష ఇంకో పరీక్షకు దారితీస్తుందని, చెయ్యి చూపించడానికి వెళ్లి గుండె జబ్బుతో తిరిగి రావలసి వస్తుందని భయం.

నన్ను కదిలించినది మా అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్న: "అక్కడ ఏది జరగకూడదని మీరు అనుకుంటున్నారు?" రెండు రోజులు జవాబు చెప్పలేదు. మూడో రోజు చెప్పాను: చేరమంటారేమోనని. అయితే చేరనని ముందే చెబుదాం, తనూ పక్కన ఉండి అదే చెబుతుందని మాట ఇచ్చింది, మాట నిలబెట్టుకుంది. నిజానికి ఎవరూ చేరమననే లేదు. మీరు ఆయనను మోసపుచ్చి బయల్దేరదీశానన్నారు; ముందు దానికి క్షమాపణ చెప్పండి, చెయ్యి సంగతి అదే మాటల్లో కలపకండి.

ప్రశ్న అడిగినవారు

అమ్మ విషయం చదివాక చేతులాడలేదు. ఆ వాక్యాన్ని మా ఇంటి తీరుకు ఉదాహరణగా రాశాను తప్ప, ప్రమాదమని తోచలేదు. అంటే నేను కూడా అదే పని చేశానన్నమాట. రేపు ఉదయమే తీసుకెళ్తాను. కాని నాన్నగారి విషయంలో నాకింకా ఒక సందేహం ఉంది: ఇన్ని రోజులు నొప్పి ఓర్చుకున్న మనిషి ఏదో ఒక రోజున తనంతట తానే వెళ్దామంటారా, లేక అలా ఎదురుచూడటమే పొరపాటా?

సమాధానం 4

మీ సందేహానికి దగ్గరగా వచ్చే పరిశీలన ఒకటుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఇర్వింగ్ జోలా 1973లో ప్రచురించిన ఒక వ్యాసంలో, రోగులు ఫలానా రోజునే డాక్టరు దగ్గరకు ఎందుకు వచ్చారన్న ప్రశ్నను పరిశీలించారు. చాలామంది లక్షణాలతో సర్దుకుపోయి ఎంతోకాలం బతుకుతారు. రోగం ముదిరినందువల్ల మాత్రమే బయల్దేరరు, ఆ సర్దుబాటు ఎక్కడో చెడినందువల్ల బయల్దేరతారు. ఆయన గుర్తించిన ప్రేరణలు ఐదు. ఇంట్లోనో బంధాల్లోనో ఒక సంక్షోభం రావడం, నలుగురితో కలిసే పనికి లక్షణం అడ్డు తగలడం, వెళ్లమని ఇంకొకరు గట్టిగా చెప్పడం, వృత్తికి లేదా శారీరక శ్రమకు ఆటంకం కలగడం, ఐదోది "సోమవారానికి తగ్గకపోతే చూద్దాం" అని మనిషి తనకు తానే గడువు పెట్టుకోవడం.

మీరు ఇప్పటిదాకా మూడోదాన్ని మాత్రమే వాడారు. అది కొందరి మీద బాగానే పనిచేస్తుంది, మీ నాన్నగారి మీద పనిచేయలేదు. నాలుగోది మీ కళ్లముందే ఉంది: ఆయన కుడిచేత్తో చేయడం మానేసిన పనుల్లో ఆయనకు ఇష్టమైనది ఏదో చూడండి. నొప్పి గురించి అడిగితే "లేదు" అనడం సులువు, "ఆ పని ఎందుకు మానేశారు?" అంటే అంత సులువుగా తప్పించుకోలేరు. ఐదోదానికి కూడా మీరు సాయం చేయవచ్చు, కాని గడువు ఆయన నోటినుంచే రావాలి. "ఎప్పటికి తగ్గుతుందనుకుంటున్నారు?" అని అడిగి, ఆయన చెప్పిన తేదీని వాదించకుండా రాసిపెట్టుకోండి. ఆ తేదీ వచ్చినప్పుడు మీరు గుర్తుచేసేది ఆయన మాటనే అవుతుంది.

సమాధానం 2 రాసిన నర్సు

పై సలహా నాకు నచ్చింది గాని, గడువు పెట్టడానికి వీల్లేనివి కొన్ని ఉన్నాయి, అవి చెప్పకపోతే చదివిన మరొకరు పొరబడవచ్చు. ముఖం ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం పక్షవాతం లక్షణాలు. మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అన్న మాటలోనే ఆ సమయం గడిచిపోతుంది. ఛాతీలో బరువు, ఊపిరి ఆడకపోవడం అంతే. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, పైకి చిన్నగా కనిపించినా అదే రోజు చూపించాలి. పెద్ద వయసువారిలో తల లోపల నెమ్మదిగా చేరిన రక్తం కొన్ని వారాల తరువాత కూడా తలనొప్పిగానో మతిమరుపుగానో బయటపడవచ్చు. జంతువు కరిస్తే గాయాన్ని సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే వెళ్లాలి, ఎందుకంటే రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. వీటిలో నేనైతే ఒప్పించడానికి కూర్చోను, అంబులెన్సు పిలుస్తాను, అలిగితే తరువాత బతిమాలుకుంటాను.

ఇంకొకటి. తీసుకెళ్లే ముందు ఒక కాగితం మీద ఎప్పుడు, ఎలా పడ్డారు, ఏ పని చేయలేకపోతున్నారు, ఏ మందులు వాడుతున్నారు అని నాలుగు వరుసలు రాసి ఆయనకే ఇవ్వండి. మీరు ఆయన తరఫున మాట్లాడితే ఆయన మౌనంగా ఉండిపోతారు. మేము ఆలస్యం గురించి మందలించడం కూడా తప్పే, ఆ మాట మా విభాగంలో నేనూ అన్నాను.

ప్రశ్న అడిగినవారు (ఎనిమిది రోజుల తరువాత)

అమ్మను మరునాడే తీసుకెళ్లాను. పాదంలో స్పర్శ తగ్గిందని సన్నని తీగతో తాకి పరీక్షించి తేల్చారు. పుండు ఎముక దాకా వెళ్లలేదు, శుభ్రం చేసి కట్టు కట్టారు, పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పులు ఇచ్చారు, షుగరు మందులు మార్చారు. మళ్లీ రెండుసార్లు వెళ్లి వచ్చాం.

నాన్నగారికి క్షమాపణ చెప్పాను. "సరేలే" అన్నారు, అంతే. గడువు అడిగే ధైర్యం చేయలేదు. కాని అమ్మ రెండోసారి వెళ్లేటప్పుడు, తోడుగా తాను వస్తానని ఆయనే చొక్కా వేసుకుని బయల్దేరారు, గుండీలు మాత్రం అమ్మ పెట్టింది. అక్కడ అమ్మ పాదం చూస్తున్న డాక్టరు, ఆయన ఎడమచేత్తో కాగితాలు అందించడం గమనించి, "ఆ చేతికేమైంది?" అని అడిగారు. ఇంట్లో ఇరవై రోజులుగా చెప్పని సమాధానం అరనిమిషంలో చెప్పేశారు. ఎవరూ ఏమీ అనలేదు, నేనైతే గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను.

ఎక్స్‌రేలో చిట్లినట్లు ఏమీ కనిపించలేదు. బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే మాత్రం ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశారు కాబట్టి, ఎక్స్‌రేకు అందని చిట్లు ఉండవచ్చని, ఎమ్మారై తీయించుకుని రమ్మని, అంతవరకు తీయవద్దని మణికట్టుకు పట్టీ వేశారు. ఇంటికి వచ్చిన దగ్గరనుంచి, విరగలేదని తాను ముందే చెప్పానని వచ్చినవారందరికీ ఆ పట్టీ వేసిన చేతినే ఊపి చెబుతున్నారు. ఎమ్మారైకి తేదీ అడిగితే, అమ్మ కట్టు విప్పే రోజున చూద్దామన్నారు. రాసిపెట్టుకున్నాను.