అప్‌డేట్: ఉదయగిరి కొండల్లో సైకిల్ ట్రిప్

గైడ్‌తో చిన్న గుంపుగా వెళ్ళడానికి మన నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మౌంటెన్ బైకింగ్ మేలా, గుల్మార్గ్‌లో స్కీయింగ్ మేలా అని అడిగాను కదా. ముందు ఉదయగిరికే వెళ్ళొచ్చాం. ముళ్ళు గుచ్చుకుని టైర్లు పంక్చరవుతాయని మీరు భయపెట్టింది నిజమే. ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంట్ అనే ద్రవం పోసుకున్నవాళ్ళే ఆగకుండా పోయారు. రంధ్రం పడగానే అది లోపలే గట్టిపడి మూసేస్తుంది. రాళ్ళ దిగుడుకి ముందు గైడ్ టైర్లలో కొంచెం గాలి తీయించాడు, పట్టు బాగా పెరిగింది. బ్రేకు నొక్కిపెట్టి ఉంచితే డిస్కు కాగిపోతుందని, వదులుతూ పట్టమన్నాడు. కృష్ణదేవరాయలు 1514లో గెలిచిన దుర్గం మీదికి మాత్రం నడకే. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, మజ్జిగ లేకపోతే మా బావ అక్కడే కూలబడేవాడు.

గుల్మార్గ్ జనవరిలో. మంచు చరియల భయానికి గైడ్ ఉన్నా ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ళ జాడ తెలిపే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి. అవి అద్దెకి తీసుకున్నవాళ్ళుంటే చెప్పండి.