అంటార్కిటికా అడుగుచేప ఎముకలకు అలిజరిన్ రంగు పట్టడం లేదు, కారణం తేల్చేదెలా?

కర్నూలు డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ట్రెమటోమస్ బెర్నాకీ అనే అంటార్కిటికా అడుగుచేప నమూనా ఒకటి ఉంది. పొడవు 9 సెం.మీ., పాత 10 శాతం ఫార్మలిన్‌లో ఉన్నది. అస్థిపంజరం కనబడేలా క్లియరింగ్ (కండను పారదర్శకం చేయడం), స్టెయినింగ్ (ఎముకకు రంగు పట్టించడం) చేస్తున్నాం.

రెండు రోజులు నీళ్లలో కడిగాం. పొలుసులు, పేగులు తీశాం. సంతృప్త బోరాక్స్ 30 పాళ్లు, నీళ్లు 70 పాళ్లు కలిపి ట్రిప్సిన్ (కండలోని ప్రోటీన్‌ను కరిగించే ఎంజైమ్) వేసి 34 డిగ్రీల దగ్గర ఉంచాం. (వేసవి మధ్యాహ్నాల్లో గది వేడికి వదిలితే కండ పూర్తిగా కరిగి చేప విడిపోతుంది, అందుకే ఫిబ్రవరిలో చేశాం.) కండ బాగానే పారదర్శకమైంది. తర్వాత 0.5 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణంలో అలిజరిన్ రెడ్ (ఎముకలోని కాల్షియానికి అంటుకునే ఎర్ర రంగు) కలిపి 24 గంటలు ఉంచాం. దవడ, పళ్లు లేత గులాబీ అయ్యాయి. వెన్నుపూసలు, పక్కటెముకలు తెల్లగానే మిగిలాయి. కొత్త ద్రావణంలో ఇంకో 48 గంటలు ఉంచినా అంతే.

రంగులో లోపం లేదు. అదే గిన్నెలో వేసిన కొర్రమీను పిల్ల ఎర్రగా మెరిసింది, కానీ దాన్ని బఫర్ చేసిన (ఆమ్లంగా మారకుండా సరిచేసిన) కొత్త ఫార్మలిన్‌లో పెట్టాం. అంటార్కిటికా చేప ఉన్న పాత సీసా ద్రవం పీహెచ్ 4 చూపింది, కాబట్టి ఆమ్లం కాల్షియాన్ని లాగేసి ఉండొచ్చు. అయితే ఈ చేపల వర్గంలో గాలితిత్తి (నీటిలో తేలడానికి సాయపడే గాలి సంచి) ఉండదు. బరువు తగ్గించుకోవడానికి కొన్ని జాతుల్లో ఎముక సహజంగానే పలుచన. ఇది నేలను అంటుకుని బతికేది కనుక అంత పలుచన ఉంటుందని నాకు అనిపించడం లేదు.

చెవిరాయి (లోపలి చెవిలో ఉండే, ఆమ్లానికి కరిగే కాల్షియం రాయి) ఇంకా తీయలేదు, ఒకే నమూనా కాబట్టి తల కోయడానికి చేయి రావడం లేదు. తల కోయకుండా, ఇది ఆమ్లం వల్ల పోయిన కాల్షియమా, జాతి స్వభావమా అని ఈ చేప మీదే తేల్చే పరీక్ష ఏది?