కట్టుడు పళ్లకు దవడ కొలత సరిగ్గా తీశారో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న (కనిగిరి నుంచి):
మా అమ్మగారికి మూడు నెలల క్రితం పూర్తి పళ్ల సెట్టు కట్టించాము. మాట్లాడేటప్పుడు పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. సాయంత్రానికి దవడలు లాగేస్తున్నాయని ఆమె బాధపడుతున్నారు. కొలత తీసిన రోజున ముక్కు మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టి, ఒక్కసారి కొలిచి, మైనం కరిపించి పంపించారు. ఆ పద్ధతే తప్పా?

జవాబు (నెల్లూరు, దంతవైద్యురాలిని):
పద్ధతి తప్పు కాదండీ, 1934లో నిస్వాంగర్ అనే దంతవైద్యుడు వివరించిన నాటి నుంచి వాడుకలో ఉన్నదే. అయితే ఒక్కసారి కొలిచి దానినే నమ్మడం సరికాదు. కండరాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. పళ్ల ఎత్తు పెరిగి ఆ ఖాళీ మూసుకుపోతే, మీ అమ్మగారు చెబుతున్న రెండు బాధలూ వస్తాయి. తల వెనక్కి వాల్చినా, మనిషి బెదిరి బిగుసుకున్నా కొలత మారిపోతుంది కనుక, నేను పెద్దవాళ్లను నిటారుగా కూర్చోబెట్టి, కాసేపు కబుర్లు చెప్పించి, 'అమ్మ' అనిపించి, పెదవులు కలిసి దవడ నిలిచిన చోట మూడు నాలుగుసార్లు కొలుస్తాను. ఆ తరువాత మైనం మీద పళ్లు అమర్చి చూసే రోజున 'సీసా', 'సోమశిల' వంటి మాటలు పలికిస్తాను. 'స' పలికేటప్పుడు పళ్లు దగ్గరకు రావాలి గాని తగలకూడదు.

జవాబు (ఒంగోలు, పళ్ల ల్యాబ్ టెక్నీషియన్‌ని):
ఎత్తు ఒక్కటే చాలదు. పళ్లు లేక ఏళ్లు గడిచినవారు దవడను ముందుకు తోసి కరవడానికి అలవాటు పడతారు. మైనం ఆ తప్పునే పట్టుకొస్తే మేము ఎంత శ్రద్ధగా అమర్చినా సెట్టు నోట్లో కుదరదు. అందుకే నాలుక కొనను అంగిలి వెనక్కి మడిచి నోరు మూయమంటారు. 1910లో గైసీ అనే స్విస్ దంతవైద్యుడు వాడిన గీతల పద్ధతి ఇంకా స్పష్టమైనది: పై దవడకూ కింది దవడకూ కొలత కోసం పెట్టే పలకల్లో ఒకదానికి సూది, ఎదుటి పలకకు రేకు అమర్చి, దవడను ముందుకూ పక్కలకూ కదిలిస్తే బాణపు మొన వంటి గీత పడుతుంది, సూది ఆ మొన మీద నిలిచినప్పుడు రెండు పలకలనూ ప్లాస్టర్‌తో బిగిస్తారు. దవడ గట్లు బాగా అరిగి పలకలు జారేవారికి మాత్రం దీనిని నమ్మలేము.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. కొత్త కొలత ఇచ్చేదాకా పాత సెట్టు పెట్టుకోవచ్చునా?

జవాబు (నెల్లూరు):
కనీసం ఒక రోజు ముందు తీసేయించండి. నొక్కుకుపోయిన చిగుళ్లు తేరుకోకముందే అచ్చు, కొలత తీస్తే కొత్త సెట్టులోనూ ఆ నొక్కుడే మిగులుతుంది.