ఇంగ్లీషు కరపత్రంలో ‘ఎండ్‌లెస్’, ‘స్కై ఈజ్ ది లిమిట్’: ఎక్కడ ఏది?

పెన్నాగట్టు:
గండికోట కాడ గెస్ట్‌హౌస్‌కి ఇంగ్లీషు కరపత్రం రాస్తాండా. ఇంతవరకు ఇవి: ‘ఎండ్‌లెస్ బెలూం కేవ్స్’, ‘అన్‌లిమిటెడ్ డిషెస్ ఫ్రమ్ ఇడ్లీ టు దోశ’, ‘ఫర్ ట్రెక్కింగ్ ది స్కై ఈజ్ ది లిమిట్’. సరిగ్గా ఉండాయా అన్నా?

కడప_వ్యాకరణం:
మూడూ మార్చాల తమ్ముడూ. అన్‌లిమిటెడ్ అంటే ఎంత తిన్నా వడ్డిస్తామని, ఎన్నో రకాలు ఉన్నాయని కాదు. రకాలకు ‘ఎ వైడ్ రేంజ్ ఆఫ్ డిషెస్’ రాయి. ముందర ఆ ‘ఎ’ పోకూడదు, వెనక వచ్చేది బహువచనం. ఫ్రమ్, టు పెట్టినప్పుడు రెండు కొసలూ ఎడంగా ఉండాల. ఇడ్లీకీ దోశకీ నడుమ చెప్పుకోను ఏముంది? ‘ఫ్రమ్ రాగి సంగటి టు ఫ్రైడ్ రైస్’ అంటే నడుమ ఉన్నవన్నీ తోస్తాయి. ‘వాని రేంజే వేరు’ అని మనం స్థాయికి వాడతాం. ఆ అర్థం మనసులో పెట్టుకొని ‘హై రేంజ్ ఫుడ్’ అని మాత్రం రాయొద్దు.

నల్లరేగడి:
స్కై ఈజ్ ది లిమిట్ అంటే హద్దే లేదని; అది మనిషి ఎదుగుదలకు, సంపాదనకు, అవకాశాలకు వాడేది. నడిచే దారికి అతకదు, తీసెయ్.
బెలూం గుహల పొడవు 3,229 మీటర్లని కొలిచినారు. కొలత తెలిసిన చోట ఎండ్‌లెస్ కంటే ఆ అంకెకే బలం. పైగా ఎండ్‌లెస్‌లో విసుగు కూడా ధ్వనిస్తుంది: ఎండ్‌లెస్ క్యూ, ఎండ్‌లెస్ మీటింగ్. కదిరి దిక్కు తిమ్మమ్మ మర్రిమాను ఊడలకైతే ‘కౌంట్‌లెస్’ చక్కగా కుదురుతుంది, ఎందుకంటే ఊడలు విడివిడిగా లెక్కపెట్టే వస్తువులు. నీళ్లకు, ఇసుకకు అది పనికిరాదు. ఎండ్‌లెస్, కౌంట్‌లెస్ లాంటి మాటల ముందు ‘వెరీ’ చేర్చొద్దు. హద్దే లేనిదానికి ఇంకా ఎక్కువేముంటుంది?

పెన్నాగట్టు:
గండికోట లోయకు ‘యాజ్ ఫార్ యాజ్ ది ఐ కెన్ సీ’ (కనుచూపు మేర) అని పెట్టొచ్చా?

నల్లరేగడి:
లోయకు వద్దు. రెండు పక్కలా రాతిగోడలే కదా, చూపు వాటికి తగిలి ఆగుతుంది. అనంతపురం దావలో చెనిక్కాయ చేలకు రాయి: ‘గ్రౌండ్‌నట్ ఫీల్డ్స్ స్ట్రెచ్ యాజ్ ఫార్ యాజ్ ది ఐ కెన్ సీ’. ‘ది ఐ’ ఏకవచనమే, ‘అవర్ ఐస్’ కాదు. జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు స్ట్రెచ్ ‘స్ట్రెచ్డ్’ అవుతుంది, దాంతోపాటు కెన్‌ని ‘కుడ్’ చెయ్యాల. చానామంది రెండోది మర్చిపోతారు.