తోట షెడ్డు: వాన పడకపోయినా పైకప్పు కారుతోంది, ఎందుకు?

లంకతోట:
అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మాకు ఎకరం ముప్పై సెంట్ల కొబ్బరి తోట ఉంది. నాన్నగారు ఉన్నప్పుడు అందులో తాటాకు పాక ఉండేది. ఆయన పోయాక రెండేళ్ళ క్రితం నేను హైదరాబాద్ నుంచి వచ్చేసి, పాక పీకించి 12 × 16 అడుగుల రేకుల షెడ్డు వేయించాను. మూడడుగుల వరకు సిమెంటు ఇటుక, ఆ పైన చుట్టూ జీఐ రేకు (జింకు పూత ఉన్న ఇనప రేకు), కప్పు కూడా అదే రేకు. కింద మట్టి నేల, గచ్చు చేయించలేదు. ఇంక ఇరవై ఏళ్ళు దీని వంక చూడక్కర్లేదు అనుకున్నాను.

సంక్రాంతి వెళ్ళాక, మంచు బాగా పడుతున్న రోజుల్లో పొద్దున్నే తలుపు తీస్తే లోపల టపటపా చినుకులు. బయట ఆకాశంలో మబ్బు తునక లేదు. రేకు అడుగున చెయ్యి పెడితే అరచెయ్యంతా తడి. యూరియా బస్తా గడ్డకట్టి, పలుగుతో కొడితే పెళ్ళలుగా ఊడింది. తలుపు ఉబ్బిపోయి భుజం పెట్టి తోస్తే గాని రావడం లేదు. మేస్త్రీని పిలిపిస్తే కప్పంతా చూసి "చిల్లులేం లేవండీ" అన్నాడు. నిజమే, లేవు. మృగశిర లోపు ఏం చేసుకోవాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రేకులపని:
అది కారడం కాదు సార్, చెమట. రాత్రి రేకు ఆకాశానికి వేడి వదిలేసి గాలి కంటే చల్లబడిపోతుంది. లోపలి తేమ దాని అడుగున నీళ్ళుగా పట్టేస్తుంది, ఫ్రిజ్ లోంచి తీసిన సీసాకి పట్టినట్టు. మరి లోపల తేమ ఎక్కణ్ణుంచి వచ్చింది? మీ మట్టి నేల నుంచే. లంక భూమిలో నీరు ఎంత పైకి ఉంటుందో మీకు తెలియనిది కాదు. మీరు చుట్టూ రేకు బిగించి ఆవిరి పోయే దారి లేకుండా చేశారు. గోడ రేకుకీ కప్పుకీ మధ్య జానెడు సందు వదిలి జాలీ కొట్టించండి, ఎదురెదురుగా రెండు వైపులా ఉండాలి. ఒక వైపే పెడితే గాలి ఆడదు.

ఇంకోటి, నట్లు ఎక్కడ వేశారో చూడండి. నట్టు రేకు మిట్ట మీద పడాలి, పల్లంలో వేస్తే నీళ్ళు దాని మీంచే పారతాయి. రబ్బరు వాషరు ఎండకి చిట్లిపోతుంది, అందుకే ఎండాకాలంలో ఒకసారి పైకెక్కి ఒక్కో నట్టూ చేత్తో తిప్పి చూడాలి. చేత్తో తిరిగిందంటే వాషరు పోయినట్టే, మార్చేయండి. సిలికాన్ పూసి సరిపెట్టకండి, రెండో వానకి లేచిపోతుంది. రేకు మీద రేకు వేసిన అంచు పడమర వైపుకి నోరు తెరిచి ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే నైరుతి గాలివాన తిన్నగా లోపలికి కొడుతుంది.

గౌతమిగట్టు:
లంకతోట గారూ, మీ నాన్నగారి పాకకి ఈ జబ్బు ఎందుకు లేదో ఆలోచించారా? తాటాకు ఊపిరి పీలుస్తుందండి. చెమట పట్టదు. కానీ మూడేళ్ళకోసారి కప్పించాలి, ఇప్పుడు కప్పేవాళ్ళూ దొరకడం లేదు, దొరికినా కూలి వింటే రేకే చవక అనిపిస్తుంది. కాబట్టి పాకే మేలని నేను చెప్పను. పాకలో ఉన్న గుణాలు షెడ్డుకి తెచ్చుకోండి అంటాను.

మా పి.గన్నవరం వైపు పాక వేస్తే ముందు రెండడుగుల మెరక పోసి దిమ్మిస కొట్టేవారు. చూరు బారెడు బయటికి దింపేవారు. ఇప్పటి షెడ్లకి చూరు అరడుగు కూడా ఉండదు, నీళ్ళు గోడ మొదట్లోనే పడి బురద ఎగజిమ్ముతుంది, రేకు కింది అంచు అక్కడే తుప్పు పట్టడం మొదలవుతుంది. మీది ఎలాగూ కట్టేశారు గనుక చూరు కింద జానెడు లోతు కాలవ తీసి కంకర పోయండి, వాలు తోట బోదెలోకి పెట్టండి. లోపల నేల మీద మందపాటి పాలిథిన్ పట్టా పరిచి దాని మీద గచ్చు చేయించండి. పట్టా లేకుండా గచ్చు చేస్తే చెమ్మ దాంట్లోంచి కూడా లాగుతుంది.

యూరియా సంగతి: గాలిలో తేమ 70, 75 శాతం దాటితే అది నీళ్ళు తాగేస్తుంది. మనకి జూన్ నుంచి నవంబరు దాకా చాలా రోజులు అంతే ఉంటుంది. బస్తా నేలకి జానెడు ఎత్తున బల్ల మీద, గోడకి మూరెడు దూరంలో ఉంచండి. నోరు విప్పిన బస్తా మిగల్చకండి. అసలు వానాకాలానికి నిలవ చేయడమే మానేసి ఎప్పటికప్పుడు తెచ్చుకోవడం మంచిది.

ఉద్దానం_జీడి:
మాది పలాస వైపు. తేమ గురించి పైవాళ్ళు చెప్పారు, నేను గాలి గురించి చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా తోటలో రెండు షెడ్లు ఉన్నాయి. ఒకటి సిమెంటు రేకులది, ఒకటి జీఐ. సిమెంటు రేకులది కొబ్బరి చెట్టు పడి పెంకుల్లా పగిలిపోయింది. జీఐ షెడ్డు కప్పు మొత్తం ఒక్క ముక్కగా లేచి అవతల మడిలో పడింది. తరవాత వెళ్ళి చూస్తే స్క్రూలన్నీ రేకుకే ఉన్నాయి, పట్టు వదిలింది చెక్క వాసాలు. వాసం పైభాగం ఏళ్ళ తరబడి తడిసి స్పాంజిలా అయిపోయి ఉంది, గోరుతో గీరితే ఊడొచ్చింది. పై నుంచి చూసినంతకాలం షెడ్డు కొత్తదానిలాగే ఉండేది.

అప్పటి నుంచి ఏటా మే నెలలో సుత్తి పట్టుకుని ప్రతి వాసం, ప్రతి రాట మొదలు కొట్టి చూస్తాను. టంగుమంటే సరే. డబ్ మంటే మార్చేస్తాను. సరుగుడు రాటలకి జీడిపిక్క నూనె రెండు పూతలు పూస్తాం, చెద దరి చేరదు. కానీ జాగ్రత్త, అది చర్మానికి తగిలితే కాలి బొబ్బలెక్కుతుంది, మా తమ్ముడు చేతి తొడుగు లేకుండా పూసి పది రోజులు అన్నం స్పూనుతో తిన్నాడు. అంచు వరసలోనూ, కప్పు రెండు వాలులు కలిసే మొగరం దగ్గరా స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి, గాలి ముందు పట్టుకునేది అక్కడే. తుపాను చెప్పిన రోజు తలుపు గట్టిగా గడియ పెట్టండి, గాలి లోపలికి దూరితే కప్పు ఇంకా తేలిగ్గా ఎగురుతుంది. షెడ్డు మీదికి వాలిన కొబ్బరి చెట్టు ఉంటే దాని మీద ప్రేమ చంపుకోవాలి.

పెరటిమొక్క:
మగవాళ్ళంతా కప్పు గురించే మాట్లాడుతున్నారు, లోపల ఏముందో ఎవరూ అడగలేదు 🙂 మాది భీమవరం దగ్గర, షెడ్డు చూసుకునేది నేనూ మా అత్తయ్యగారూ. కొడవళ్ళు, పారలు వాన మొదలవక ముందు ఇసుక కాగితంతో రుద్ది ఆముదం పూసి గోడకి మేకుల మీద వేలాడదీస్తాం, నేల మీద పెట్టం. తుప్పు ముందు పట్టేది అలుగుకి కాదు, పిడిలోకి దిగే చోట. అక్కడ రెండు చుక్కలు ఎక్కువ వేయాలి. పురుగుమందులకి వేరే తాళం పెట్టె.

పాముల మాట కూడా చెప్పాలి. పోయిన భాద్రపదంలో చుట్టలు చుట్టి పెట్టిన నీళ్ళ పైపు తీయబోయాను, పైన అడ్డంగా నల్లటి పైపు మీద నల్లటి పైపు, అందులో ఒకటి కదిలింది. తెల్లటి సన్నని కట్లు. కట్లపాము. నేను అరవలేదు, నాకు గొంతే రాలేదు. అత్తయ్య వెనక నుంచి భుజం పట్టుకుని మెల్లిగా వెనక్కి లాగారు. పాములు పట్టే అతను వచ్చేదాకా ఇద్దరం దూరంగా తలుపు వంక చూస్తూ నిలబడ్డాం. అప్పటి నుంచి పైపు చుట్టలు, గోనెలు నేల మీద ఉంచడం లేదు. లోపలికి వెళ్ళే ముందు కర్రతో తలుపు మీద నాలుగు దెబ్బలు, పగలైనా చేతిలో టార్చి. ఫినాయిల్ చల్లితే రావని అంటారు గాని నాకు నమ్మకం లేదు. గింజలు ఉంటే ఎలుకలు వస్తాయి, ఎలుకలు ఉంటే అవి వస్తాయి, అంతే.

బోథెల్_బాబాయ్:
అమెరికా నుంచి ఒక మాట వేయవచ్చా. మేము సియాటిల్ పక్కన ఉంటాం. ఇక్కడ ఏడాదికి పడేది 38, 39 అంగుళాలే, కాకినాడ కంటే తక్కువ. కానీ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా జల్లు పడుతూనే ఉంటుంది, ఏదీ ఆరదు. వానలో తడవడం వల్ల కాదు, ఆరే తీరిక లేక చెక్క చెడుతుంది. మా పెరటి షెడ్డు కప్పు ఉత్తరం వైపు పచ్చటి తివాచీలా పాచి పట్టింది. నేను తెలివిగా ప్రెషర్ వాషర్ పెట్టి కడిగేశాను, పాచితో పాటు షింగిల్స్ (ఇక్కడ కప్పుకి పరిచే తారు పలకలు) మీద ఉండే గరుకు రవ్వ కూడా కొట్టుకుపోయింది, కప్పు ఆయుష్షు సగం పోయింది. మెత్తటి చీపురుతో పై నుంచి కిందికి ఊడ్చి, మొగరం దగ్గర జింకు పట్టీ కొడితే చాలని తరవాత తెలిసింది, వాన నీళ్ళతో దిగే జింకు పాచిని పెరగనివ్వదు.

అడుగున దుంగలు మట్టి మీదే ఆనించి ఉంటే మూడేళ్ళలో పుచ్చిపోయాయి. జాకీ పెట్టి లేపి నాలుగంగుళాల కంకర పోశాను. రంగు వేయాలంటే జులై, ఆగస్టు తప్ప కుదరదు. మీకు రోహిణి కార్తె ఉంది, అదృష్టవంతులు, రోళ్ళు పగిలే ఎండలో మీ చెక్క మొత్తం ఆరుతుంది.

గౌతమిగట్టు:
బోథెల్ బాబాయ్ గారూ, రోహిణిలో ఒక వారం ఇక్కడికి వచ్చి అదృష్టం అనుభవించండి 😄

లంకతోట గారూ, ఒకటి మరిచాను. మోటారు స్టార్టరు పెట్టె షెడ్డులోనే ఉందా? ఉంటే రేకు గోడకి తగలకుండా చెక్క పలక మీద బిగించి, ఎర్తు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. చెమ్మ పట్టిన రేకు గోడకి కరెంటు పాకితే తలుపు గడియ తీసినవాడే పోతాడు. దీన్ని వాయిదా వేయకండి.

లంకతోట (నవంబరు):
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మే నెలలో పట్టా వేసి గచ్చు చేయించాను, రెండు వైపులా జాలీ కొట్టించాను. స్టార్టరు చూపిస్తే ఎర్తు తీగ మధ్యలో తెగి ఉందన్నాడు, అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చూరు పొడిగించడానికి డబ్బు చాలక కాలవ మాత్రం తీయించాను. తలుపు అడుగున అరంగుళం కోసి కోసిన అంచుకి కూడా రంగు వేశాం, ఇప్పుడు వేలితో తోస్తే తెరుచుకుంటోంది.

స్వాతి వానలు గట్టిగా పడ్డాయి. పడమర మూల ఒక చోట తడి కనపడింది, రేకులపని గారు చెప్పినట్టే అంచు అటు వైపు నోరు తెరిచి ఉంది, వచ్చే ఎండాకాలం విప్పి తిరగేయించాలి. మిగతా అంతా పొడి. అటక మీద కురిడికి, అంటే కాయలోనే కొబ్బరి ఎండడానికి, ఆరు వందల కాయ వేశాను. నిన్న ఒకటి చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళు ఇంకా గలగలమంటున్నాయి, ఎండడానికి చాలా నెలలు ఉంది. అసలు మంచు రోజులు ముందున్నాయి కదా, రేకు అడుగున చెయ్యి పెట్టి చూసి సంక్రాంతికి చెబుతాను.

పెరటిమొక్క గారూ, పైపు చుట్ట గోడకి తగిలించాను. కర్ర తలుపు పక్కనే ఉంది.