క్లక్స్‌టన్ గేలిక్ ఫుట్‌బాల్‌ని బాగుచేశాడా, చెడగొట్టాడా?

లిఫీ_ఒడ్డున:
డబ్లిన్‌లో ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి. గేలిక్ ఫుట్‌బాల్ అంటే చేత్తోనూ కాలితోనూ ఆడే ఐరిష్ ఆట కదా, మా ఆఫీసులో డబ్లిన్‌కి పాత ప్రత్యర్థి కౌంటీ కెర్రీ ఆయన ఒకడున్నాడు. స్టీఫెన్ క్లక్స్‌టన్ పేరెత్తితే చాలు, మా ఆటని చంపింది వాడే అంటాడు. పక్క సీటులో డబ్లిన్ ఆవిడకేమో ఆయన దేవుడు. 2001లో డబ్లిన్ గోల్‌లో నిలబడి, ఇప్పటికి తొమ్మిది ఆల్ ఐర్లాండ్ (కౌంటీ జట్ల ఛాంపియన్‌షిప్) టైటిళ్లు గెలిచిన మనిషి మీద ఇంత గొడవేంటి?

గోదారి_గట్టు:
కెర్రీ ఆయన మాటే నిజం. ఇదివరకు గోలీ కికౌట్ (గోల్ దగ్గర్నుంచి ఆట మళ్లీ మొదలెట్టే తన్ను) బలంకొద్దీ తంతే బంతి నడిమైదానంలో పడేది. ఇద్దరు ముగ్గురు గాల్లోకి లేచి దాన్ని అందుకోవడమే ఈ ఆటకి అందం. క్లక్స్‌టన్ వచ్చి పక్కనున్న డిఫెండర్‌కి చిన్నగా అందించడం మొదలెట్టాడు. అందరూ అదే పట్టుకున్నారు. ఇక చేతులు మార్చుకుంటూ అటూ ఇటూ తిరగడమే. చూస్తుంటే నిద్రొచ్చేది.

హిల్16_అబ్బాయి:
గట్టు అన్నా, స్టేడియంలో కూర్చుని చూశావా ఎప్పుడైనా? టీవీలో ఆయన గొప్పతనం కనబడదు, కెమెరా బంతి వెంటే పోతుంది కదా. క్రోక్ పార్క్‌లో గోల్ వెనక కూర్చుని చూడాలి. అవతలివాళ్లు బంతిని బార్ పైనుంచి పంపి పాయింట్ కొట్టి ఇంకా చేతులు కలుపుకుంటుంటే ఈయన టీ (బంతి నిలబెట్టే చిన్న స్టాండు) మీద బంతి పెట్టేసి, తలెత్తేసి ఉంటాడు. ఇంకా ఎవరూ లేని చోటికి తంతాడు. బంతి వెళ్లేసరికి అక్కడ డబ్లిన్ మనిషి ఉంటాడు. ప్రతి పాయింట్ తర్వాతా, ప్రతి వైడ్ (గురితప్పి బయటికి పోయిన బంతి) తర్వాతా ఆట మళ్లీ మొదలయ్యేది గోలీ కాలితోనే. అంతకుముందు అదొక లాటరీ, ఈయన దాన్ని గురిచూసి ఇచ్చే పాస్‌గా మార్చేశాడు.

2011 ఫైనల్ సంగతి ఎత్తరేం? అదే కెర్రీ మీద చివర్లో నాలుగు పాయింట్లు వెనకబడి, సమం చేసి, ఆఖర్న దొరికిన ఫ్రీకిక్ కొట్టడానికి గోలీ అంత దూరం నడిచొచ్చాడు. డబ్లిన్ 1-12, కెర్రీ 1-11 (ముందుది గోల్స్, తర్వాతది పాయింట్లు). డబ్లిన్‌కి 1995 తర్వాత అదే మొదటి టైటిల్. కొట్టాక గంతులు లేవు, గోల్ వైపు తిరిగి పరుగందుకున్నాడు. జీతం లేని ఆట ఇది, మనిషి బడిపంతులు.

గోదారి_గట్టు:
ఫ్రీకిక్ సరే తమ్ముడూ. 2016 సెమీస్ చూడు. కెర్రీ వాళ్లు కికౌట్ల మీద ఎగబడితే మీ దేవుడు తడబడ్డాడు, హాఫ్ టైమ్‌కి డబ్లిన్ ఐదు పాయింట్లు వెనక.

హిల్16_అబ్బాయి:
గెలిచిందెవరో కూడా రాయొచ్చుగా. 0-22, 2-14. గోల్‌కి మూడు లెక్కన వేసుకో, డబ్లిన్ రెండు పాయింట్లతో గెలిచింది.

వేరుశెనగ:
ఇద్దరూ ఒక తమాషా మర్చిపోతున్నారు. 2025 నుంచి కికౌట్ 40 మీటర్ల ఆర్క్ (మైదానంలో గీసిన వంపు గీత) దాటి తీరాలి. పొట్టి కికౌట్లకి మంగళం. ఆ మార్పులు తెచ్చిన కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? జిమ్ గావిన్! అదే క్లక్స్‌టన్‌ని కెప్టెన్‌గా పెట్టుకుని ఆరు టైటిళ్లు కొట్టిన డబ్లిన్ మేనేజర్. తాళం చేయించుకున్నవాడే తాళం విరగ్గొట్టాడు. నా లెక్కలో అసలు తప్పు క్లక్స్‌టన్ చూపు లేకుండా ఆయన కికౌట్ ఒక్కటే కాపీ కొట్టిన మిగతా గోలీలది. ఆయన తంతే దాడి మొదలయ్యేది, వీళ్లు తంతే కాలక్షేపం.

లిఫీ_ఒడ్డున:
గావిన్ ముక్క రేపు లంచ్‌లో వదులుతా. ఇంతకీ ఈయన రిటైర్ అయ్యి మళ్లీ వచ్చాడంటారే?

హిల్16_అబ్బాయి:
అసలు రిటైర్ అని చెప్తే కదా! 2020 టైటిల్ తర్వాత రెండు సీజన్లు కనబడలేదు. 2023 మార్చిలో లౌత్‌తో మ్యాచ్‌కి చూస్తే జట్టులో ఉన్నాడు. ఆ జులైలో 41 ఏళ్ల వయసులో ఫైనల్ ఆడాడు. ఓడింది మళ్లీ కెర్రీనే, మీ ఆఫీసాయన మంట ఇప్పుడు అర్థమైందా?