ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) బోటుకి ఆటో బెయిలర్ ఉంచాలా, మూసేసి మర ప్లగ్ పెట్టాలా?

చెరువుగట్టు:
70 సెం.మీ. ఫైబర్ హల్ (బోటు ఒళ్లు), బ్రష్‌లెస్ మోటారు, వాటర్ కూలింగ్. వెనక గోడ అడుగున 6 మి.మీ. రంధ్రం, దానికి బయటివైపు రబ్బరు ఫ్లాప్ (మూత రేకు): ఇదే ఆటో బెయిలర్. బోటు పరిగెత్తుతుంటే లోపలి నీళ్లు బయటికి పోవాలి, ఆగితే ఫ్లాప్ మూసుకోవాలి. దీన్ని ఉంచి శుభ్రం చేసుకుంటూ ఉండటం మేలా, ఎపాక్సీ జిగురుతో పూడ్చేసి ఓ-రింగ్ (రబ్బరు వలయం) ఉన్న మర ప్లగ్ పెట్టుకోవడం మేలా? కారణాలతో చెప్పండి.

బోల్టునట్టు:
పూడ్చేయండి అన్నా. ఆగిన బోటులో ఆ రంధ్రం నీటిమట్టానికి 3 సెం.మీ. కింద ఉందనుకుందాం. అప్పుడు ఫ్లాప్‌ని మూసి ఉంచే బలం మొత్తం 0.85 గ్రాముల బరువుకు సమానం. గ్రాము కూడా లేదు! ఇసుక రేణువో, నాచు పోగో, గుర్రపుడెక్క వేరు ముక్కో అడ్డం పడితే చాలు, అది మూసుకోదు. 1 మి.మీ. రంధ్రమంత సందు మిగిలినా నిమిషానికి 20 మి.లీ. దాకా లోపలికి వస్తుంది. ప్రొపెల్లర్‌కి నాచు చుట్టుకుని బోటు చెరువు మధ్యలో పావుగంట ఆగితే 300 గ్రాముల నీళ్లు. ఆ బరువుకి వెనక భాగం దిగుతుంది, రంధ్రం ఇంకా లోతుకి పోతుంది, నీళ్లు ఇంకా జోరుగా వస్తాయి. బోటును కాపాడాల్సిన వాల్వే దాన్ని ముంచుతుంది.

అలజడి:
లెక్క ఒప్పే, తీర్పు ఒప్పుకోను. నీళ్లు ఎటూ వస్తాయి కదా బ్రదర్: స్టఫింగ్ ట్యూబ్ (ప్రొపెల్లర్ కడ్డీ బయటికి వెళ్లే గొట్టం) నుంచి, చుక్కాని కడ్డీ పక్కనుంచి, కూలింగ్ గొట్టం జారితే అక్కడినుంచి. ప్లగ్ మాత్రమే ఉంటే ఆ నీళ్లు ఒడ్డుకి వచ్చేదాకా లోపలే తిరుగుతాయి. మలుపులో 200 మి.లీ. ఒక పక్కకి దూకితే బోటు తిరగబడటానికి అది చాలు. ఫ్లాప్ మూసుకోకపోవడం నిర్వహణ లోపం, వాల్వ్ లోపం కాదు. ప్రతిసారీ నీళ్లలోంచి తీయగానే ఫ్లాప్ ఎత్తి, పాత టూత్‌బ్రష్‌తో అది కూర్చునే అంచు తుడవాలి, సిరంజితో లోపలినుంచి మంచినీళ్లు కొట్టాలి. ఫ్లాప్ అంచు పైకి వంకర తిరిగితే, వేలితో నొక్కి వదిలాక మళ్లీ చదునుగా కూర్చోకపోతే మార్చేయాలి. పరీక్ష తేలిక: టబ్బులో నీళ్లు పోసి, హల్ లోపల రంధ్రం చుట్టూ టిష్యూ కాగితం పరిచి, బరువు పెట్టి మామూలు నీటిమట్టం దాకా ముంచి 10 నిమిషాలు వదలండి. కాగితం తడిస్తే ఆ రోజు చెరువుకి వెళ్లొద్దు.

తెరచాప:
ఇద్దరూ గాలి సంగతి వదిలేశారు. హాచ్ (డెక్ మీది మూత) చుట్టూ టేపు గట్టిగా అంటించాక హల్ దాదాపు మూసిన డబ్బా. లోపలి నీళ్లు పోవాలంటే ఆ జాగాలోకి గాలి రావాలి. రాకపోతే బెయిలర్ కాసేపు కారి ఆగిపోతుంది, "వాల్వ్ పని చేయట్లేదు" అని దాన్ని తిడతాం. ఇంకోటి: మోటారు వేడికి లోపలి గాలి 45 డిగ్రీలకి చేరి, కొంత బయటికి పోయి, బోటు ఆగాక మిగిలింది 30కి చల్లారిందనుకోండి. పీడనం దాదాపు 5 శాతం పడిపోతుంది. పూర్తిగా బిగిసిన డబ్బాలో అది 48 సెం.మీ. నీటి మట్టానికి సమానమైన లాగుడు. నిజం హల్ అంత బిగువుగా ఉండదు కాబట్టి అంత రాదు. అందులో పదో వంతు వచ్చినా పైన చెప్పిన 3 సెం.మీ. కన్నా ఎక్కువే. ఫ్లాప్ అప్పుడు ఇంకా గట్టిగా మూసుకుంటుంది, స్టఫింగ్ ట్యూబ్ మాత్రం నీళ్లు తాగుతుంది. "ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు" అనే నీళ్లు ఇలా కూడా వస్తాయి. డెక్ పైన 1.5 మి.మీ. రంధ్రం చేసి, లోపల సిలికాన్ గొట్టాన్ని పైకి మెలిపెట్టి వదలండి. ప్లగ్ పెట్టినా, బెయిలర్ పెట్టినా ఇది తప్పనిసరి.

బోల్టునట్టు:
గాలి రంధ్రం మాట బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అలజడి గారూ, బెయిలర్ పనిచేసేది వేగంలోనే. నీళ్లని బయటికి లాగే బలం బోటు వేగం వర్గంతో మారుతుంది: వేగం సగమైతే లాగుడు పావు వంతే. నెమ్మదిగా తిప్పే టగ్, పడవ నమూనాలకి అది అలంకారమే.

అలజడి:
టగ్‌కి నేనూ పెట్టమనను. ఈ ప్రశ్న స్పీడ్ బోటు గురించి.

విశాఖతీరం:
సముద్రపు నీళ్లలో తిప్పేవాళ్లకి రెండు మాటలు. ఇత్తడి ఇన్సర్ట్‌లో (హల్‌లో అమర్చిన మర గొట్టంలో) అల్యూమినియం ప్లగ్ పెట్టకండి. ఉప్పునీటిలో రెండు లోహాలు కలిస్తే అల్యూమినియమే తినేసుకుపోతుంది, మర పట్టేసి ఇన్సర్ట్‌తో సహా ఊడివస్తుంది. 316 స్టెయిన్‌లెస్ లేదా నైలాన్ ప్లగ్ మంచిది. తిప్పాక ప్లగ్ తీసి మంచినీళ్లతో కడిగి, ప్లగ్ బిగించకుండానే అలమారలో పెట్టండి. నెలల తరబడి నొక్కుడులో ఉన్న ఓ-రింగ్ చదునైపోతుంది, తర్వాత ఎంత బిగించినా కారుతుంది. 1.5 మి.మీ. మందం ఓ-రింగ్‌ని 1.2 దాకా నొక్కితే చాలు: చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పావు చుట్టు. ప్లయర్స్ వాడొద్దు.

చెరువుగట్టు:
గ్రీజు ఏది? వాజిలీన్ రాయమని చాలామంది అంటారు.

విశాఖతీరం:
రబ్బరు రకాన్ని బట్టి. నల్ల నైట్రైల్ ఓ-రింగ్‌కి వాజిలీన్ పనికొస్తుంది, సిలికాన్ గ్రీజు ఇంకా మేలు. ఈపీడీఎం, సహజ రబ్బరు వాజిలీన్‌కి ఉబ్బిపోతాయి. సిలికాన్ ఫ్లాప్‌కి మాత్రం సిలికాన్ గ్రీజు అసలు రాయకండి, అదీ ఉబ్బుతుంది. నిజానికి ఫ్లాప్‌కి ఏ గ్రీజూ వద్దు, ఇసుక అంటుకుంటుంది. హల్ ఏబీఎస్ అయితే ప్లగ్ మరలకి త్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పూసే జిగురు) తగలనివ్వకండి, ప్లాస్టిక్ పగుళ్లు ఇస్తుంది.

తెరచాప:
బోరు నీళ్లతో కడిగేవాళ్లకి ఇంకో చిక్కు: ఆరాక ఫ్లాప్ అంచు మీద తెల్లటి సున్నపు పొర. ఒక వంతు వెనిగర్, నాలుగు వంతుల నీళ్లు, పది నిమిషాలు, తర్వాత బాగా కడగాలి. ఇత్తడి భాగాలని రాత్రంతా నానబెట్టొద్దు.

బోల్టునట్టు:
చెరువుగట్టు గారూ, నా మాట మారలేదు: నాచు ఉన్న చెరువైతే ప్లగ్. పూడ్చే ముందు రంధ్రం చుట్టూ 240 నంబరు ఎమెరీతో గీసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాకే ఎపాక్సీ పెట్టండి. కొత్త ప్లగ్ రంధ్రం, బోటు ముక్కు పైకెత్తినప్పుడు నీళ్లు చేరే అట్టడుగునే ఉండాలి. ఒక్క సెంటీమీటరు పైన పెట్టినా ఆ మేర నీళ్లు లోపలే మిగులుతాయి.

అలజడి:
నీళ్లు తేటగా ఉన్న చోటైతే బెయిలర్ ఉంచండి. ఏ దారి పట్టినా ముక్కులో ఫోమ్ ముక్కలు కూరండి, రిసీవర్‌ని హల్ అడుగున కాకుండా పైన అంటించండి.